బీటీ పత్తి ప్యాకెట్ రేటు ఎవరు పెట్టాలి? 2006 ఆంధ్రప్రదేశ్ - మోన్సాంటో కేసు, ఒక విత్తన కేసుల వకీలు రాసుకున్నది

వరంగల్ వైపు విత్తన కేసులు చూస్తుంటాను. మొలక రాలేదు, కాయ పట్టలేదు అని వచ్చే రైతుల తరఫున కన్స్యూమర్ ఫోరంలో (ఇప్పుడు దాన్ని కమిషన్ అంటున్నారు) వాదించడం నా పని. ఇప్పుడు రాసేది నేను వాదించిన కేసు కాదు, కానీ ఆఫీసుకి ఏ జూనియర్ వచ్చినా ముందు ఇదే చదవమంటా, ఎందుకంటే ఒక రాష్ట్ర ప్రభుత్వం ఒక గ్లోబల్ కంపెనీ రేటు మీద కేసేసి రైతు చేతిలోని ప్యాకెట్ ధర సగానికి పైగా దించిన సందర్భాలు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే చాలామంది ప్రభుత్వం గెలిచింది, రైతు గెలిచాడు అని అక్కడితో ఆపేస్తారు. నా లెక్క కొంచెం వేరే. రేటు దగ్గర గెలిచాం, నిజమే. ఏ విత్తనం మార్కెట్లో ఉండాలి అనే సంగతి మాత్రం ఓటేసినవాడి చేతికి ఒక్కసారి కూడా రాలేదు, ఇప్పటికీ లేదు.

ప్యాకెట్ లెక్క

బీటీ అంటే కాయతొలిచే పురుగుని చంపే జీన్ ఎక్కించిన పత్తి. 2005 ఖరీఫ్‌లో దాని ప్యాకెట్ అంటే 450 గ్రాములు, ఎకరానికి ఒకటి. దాంతోపాటే 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఒకటి ఇచ్చేవాళ్లు. ఆ పొట్లంలో గింజలు చేను చుట్టూ గట్ల వెంట వేయాలి, కొంత పురుగు మామూలు పత్తి మీద బతికితే బీటీని తట్టుకునే పురుగు తొందరగా పెరగదని దాని లెక్క. ఎంతమంది వేశారు అంటే, మా వైపు ఎక్కువమంది మొలక తప్పిన చోట సందులు నింపడానికి వాడేవాళ్లు, లేదంటే చూరుకింద పడేసేవాళ్లు. డీలర్ చెప్పడు, కంపెనీ మనిషి ఊరికి రాడు, పొట్లం మీద అక్షరాలు చిన్నవి. (ఈ పొట్లం సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.)

ప్యాకెట్ రేటు 1,600 నుంచి 1,850 రూపాయలు. మామూలు హైబ్రిడ్ అప్పటికి నాలుగైదు వందలకి దొరికేది. రాష్ట్ర ప్రభుత్వం తన కంప్లెయింట్‌లో చెప్పిన దాని ప్రకారం ప్యాకెట్ మీద 1,250 రూపాయలు ట్రెయిట్ వాల్యూ కింద, అంటే ఆ జీన్ వాడుకున్నందుకు కట్టే రాయల్టీ కింద, మహికో మోన్సాంటో బయోటెక్ కంపెనీకి పోయేది. అంటే 1,850 పెట్టి కొన్న రైతు ఇచ్చిన డబ్బులో మూడింట రెండొంతులు. మిగిలిన 600లోనే విత్తనం పండించిన రైతు, పూలని చేత్తో క్రాసింగ్ చేసిన కూలీలు, ప్రాసెసింగ్, సంచి, విత్తన కంపెనీ లాభం, డిస్ట్రిబ్యూటర్, చివర్లో మన ఊరి డీలర్ కమీషన్, అన్నీ సర్దుకోవాలి. అదే టెక్నాలజీకి అంత విత్తనం మీద అమెరికాలో వంద చిల్లర, చైనాలో నలభై లోపే తీసుకుంటున్నారని కూడా ప్రభుత్వం చూపించింది. కేసు మొత్తం ఈ తేడా చుట్టూనే తిరిగింది.

పేటెంట్ లేకుండానే ఇంత పట్టు ఎలా వచ్చింది

జూనియర్లు అందరూ ఇక్కడే బోల్తా పడతారు. రాయల్టీ అంటే పేటెంట్ ఉంటుంది కదా సార్ అంటారు. మొదటి తరం బోల్‌గార్డ్ (మోన్సాంటో బీటీకి పెట్టుకున్న బ్రాండ్ పేరు) జీన్‌కి మన దేశంలో పేటెంట్ లేదు. మరి ఏ బలంతో వసూలు చేశారు అంటే రెండు కాగితాల బలంతో. మొదటిది అనుమతి. 2002 మార్చిలో కేంద్రంలోని జీఈఏసీ, అంటే జన్యుమార్పిడి పంటలకి అనుమతిచ్చే కమిటీ, మహికో అనే ఇక్కడి విత్తన కంపెనీవి మూడు హైబ్రిడ్లకి, మెక్ 12, మెక్ 162, మెక్ 184, ఓకే చెప్పింది. జన్యుమార్పిడి విత్తనం అమ్మాలంటే బయోసేఫ్టీ పరీక్షలు దాటిన ఈవెంట్ (మొక్కలోకి జీన్ ఎక్కించిన ఒక్కో ప్రయోగాన్ని అలా అంటారు) చేతిలో ఉండాలి, 2006 దాకా అలా పాసైన ఈవెంట్ ఒక్కటే, అది వీళ్లదే. అంతకుముందు 2001లో గుజరాత్‌లో నవభారత్ వాళ్ల విత్తనం అనుమతి లేకుండానే వేల ఎకరాల్లో బయటపడింది, దాన్ని ఆపేశారు. సేఫ్టీ కోసం పెట్టిన గేటే కంపెనీకి కోటగోడ అయిందన్నమాట.

రెండోది సబ్ లైసెన్స్ అగ్రిమెంట్. మోన్సాంటో 1998లో మహికోలో 26 శాతం వాటా కొన్నది, తర్వాత ఇద్దరూ చెరి సగంగా పెట్టుకున్న కంపెనీయే ఈ మహికో మోన్సాంటో బయోటెక్. ఇక్కడి విత్తన కంపెనీ ఎవరైనా ఆ జీన్ తమ హైబ్రిడ్‌లో వాడుకోవాలంటే ముందు 50 లక్షలు కట్టాలి, ఆ తర్వాత అమ్మిన ప్రతి ప్యాకెట్ మీద ట్రెయిట్ వాల్యూ కట్టాలి. ఆ మొత్తం ఎంతో నిర్ణయించేది ఇచ్చేవాడే. రైతుకి ఆ అగ్రిమెంట్‌లో సంతకం లేదు, పేరు లేదు, చూసే హక్కు కూడా లేదు, కట్టేది మాత్రం అతనే.

ఇంకో తాళం కూడా ఉంది, దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మన దగ్గర బీటీని దాదాపు మొత్తం హైబ్రిడ్లలోనే పెట్టారు. హైబ్రిడ్ గింజ దాచి మళ్లీ ఏడాది వేస్తే పంట తేడా కొడుతుంది కాబట్టి ప్రతి మృగశిరకీ కొత్త ప్యాకెట్ కొనాల్సిందే. అదే నంద్యాల స్టేషన్‌లో వచ్చిన నరసింహ లాంటి సూటి రకం అయితే రైతు తన గింజ తానే దాచుకోవచ్చు. డబ్ల్యూటీఓలో చేరాక మేధో సంపత్తి మీద ఉన్న ట్రిప్స్ ఒప్పందం 27.3(బి) కింద మొక్కల రకాలకి ఏదో ఒక రక్షణ ఇవ్వక తప్పలేదు. అప్పుడు పార్లమెంట్ 2001లో తెచ్చిన మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టంలో సెక్షన్ 39 పెట్టి రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవచ్చు అని రాసుకుంది. చాలా దేశాల్లో ఇంత స్పష్టంగా లేదు, అది మనం గట్టిగా పోట్లాడి తెచ్చుకున్నది. కానీ చేలో ఉన్నది హైబ్రిడ్ అయినప్పుడు ఆ సెక్షన్‌తో దాచుకోవడానికి ఏముంటుంది?

హైదరాబాద్ ఎందుకు కదిలింది

2004 ఎన్నికలు. పల్లెల్లో ఆత్మహత్యలు, అప్పులు, ఎండిన బోర్లు, వాటి మీదే ఆ ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రైతుల పరిస్థితి మీద జయతీ ఘోష్ అధ్యక్షతన కమిషన్ వేసింది. వ్యవసాయ మంత్రి రఘువీరారెడ్డి. విత్తన కంపెనీలతో గొడవ అప్పటికే రాజుకుంటోంది, వరంగల్ జిల్లాలో బీటీ పత్తి దెబ్బతిన్న రైతులకి నష్టపరిహారం ఇమ్మని రాష్ట్రం అడగడం, కంపెనీ కుదరదనడం. 2005 మేలో జీఈఏసీ ఆ మూడు మెక్ రకాలకీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఓటు నేరుగా పని చేసిన చోటు ఏదైనా ఉందంటే ఈ ఏడాదిన్నరే అని నేనంటా. ఓడిపోయిన వాళ్ల గతి కళ్ల ముందు ఉన్న ప్రభుత్వం, మళ్లీ అదే గతి పట్టకూడదని కదిలింది, అందులో తప్పేం లేదు, ఓటు ఉన్నదే అందుకు.

కదలాలంటే చేతిలో చట్టం ఉండాలి కదా. 1966 విత్తన చట్టం తీసి చూడండి, మొలక శాతం, శుద్ధత, లేబుల్, ఇవే ఉంటాయి, రేటు గురించి ఒక్క మాట లేదు. రెండు ప్రైవేటు కంపెనీల మధ్య అగ్రిమెంట్‌లో ఉన్న మొత్తాన్ని తగ్గించమని కలెక్టర్ చెప్పలేడు, మంత్రీ చెప్పలేడు. అప్పుడు ఎవరి బుర్రలోంచి వచ్చిందో గానీ 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం తీశారు. అది టాటా బిర్లాల కాలంలో గుత్తాధిపత్యం మీద రాసుకున్న చట్టం, అప్పటికే కొత్త కాంపిటీషన్ చట్టం వచ్చేసి దీన్ని మూలకి నెట్టేస్తున్నారు. ఆ పాత కత్తితోనే 2006 జనవరిలో ఢిల్లీలోని ఎంఆర్‌టీపీ కమిషన్ ముందు కంప్లెయింట్ వేశారు, ఈ టెక్నాలజీ ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి ఇష్టమొచ్చిన రేటు పెడుతున్నారు అని. పురుగుమందు ఖర్చు తగ్గి రైతుకి మిగిలేదాంట్లో మా వాటా ఇది, లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఇష్టపడే తీసుకున్నారు అన్నది కంపెనీ వాదన సారం.

2006 మే 11న ఇంటెరిమ్ ఆర్డర్ వచ్చింది. ట్రెయిట్ వాల్యూ సహేతుకంగా ఉండాలి, చైనా లాంటి పొరుగు దేశాల్లో తీసుకుంటున్న దానితో పోల్చుకునేలా నెలలోపు కొత్తగా పెట్టమని. తారీఖు చూడండి, రోహిణి కార్తెకి ముందు. ఇంకో పదిహేను రోజుల్లో రైతు డీలర్ షాపు ముందు నిలబడతాడు. నెల చివరికల్లా రాష్ట్రం ప్యాకెట్ 750కి మించి అమ్మడానికి వీల్లేదంది. తర్వాత గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక కూడా అదే దారి పట్టాయి. కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్లింది, స్టే దొరకలేదు.

ఆ ఆర్డర్ నెలన్నర ఆలస్యంగా వచ్చి ఉంటే? కేసు గెలిచేవాళ్లం గానీ ఆ ఏడాది రైతు మాత్రం 1,850 పెట్టి కొని విత్తేసేవాడు. వ్యవసాయంలో కోర్టు ఆర్డర్‌కి కూడా అదను ఉంటుంది, జూనియర్లకి సెక్షన్ల కంటే ముందు కార్తెలు నేర్చుకోమని అందుకే చెప్తా.

రేటు సగమైతే కంపెనీ మునిగిందా? లేదు. 2005లో దేశంలో బీటీ పత్తి 13 లక్షల హెక్టార్లు, 2006లో 38 లక్షలు. ధర దిగగానే కొనేవాళ్లు మూడింతలు అయ్యారు, తర్వాత కొన్నేళ్లలోనే పత్తి చేలల్లో తొంభై శాతం దాటిపోయింది. ఒక్క ప్యాకెట్ మీద పోయింది ప్యాకెట్ల సంఖ్యలో చాలావరకు పూడి ఉంటుందని నా అంచనా. గెలిచింది ఎవరు అని అడిగితే నేను వెంటనే జవాబు చెప్పనిది ఇందుకే.

చైనా పాయింట్, మనం వదిలేసింది

ఆర్డర్‌లో చైనా ప్రస్తావన ఉంది కదా, అక్కడ రేటు ఎందుకు తక్కువ అని మన వాళ్లు ఎవరూ లోతుగా అడగలేదు. అక్కడ కోర్టు తగ్గించలేదు. ప్రభుత్వ పరిశోధన సంస్థ, చైనీస్ అకాడమీ ఆఫ్ అగ్రికల్చరల్ సైన్సెస్, సొంతంగా బీటీ పత్తి తయారు చేసి మార్కెట్లో పెట్టింది. పక్కన సర్కారీ విత్తనం ఉన్నప్పుడు మోన్సాంటో అయినా రేటు ఎంతని పెంచుతుంది.

మనం కూడా ప్రయత్నించాం. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ్ యూనివర్సిటీ కలిసి బికనేరి నర్మ బీటీ అని సూటి రకం తెచ్చాయి, గింజ దాచుకోవచ్చు, రాయల్టీ లేదు. 2009లో రైతులకి ఇచ్చారు. కొద్ది నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు, అందులో మోన్సాంటో జీనే కలిసి ఉందని బయటపడింది. అదెలా జరిగిందో చూడమని సోపోరీ కమిటీ వేశారు, 2012లో రిపోర్ట్ వచ్చింది, కథ అయిపోయింది. పదేళ్ల కేసుల కన్నా ఆ ఒక్క విత్తనం సరిగ్గా వచ్చి ఉంటే మోన్సాంటోని ఎక్కువ కట్టడి చేసేది. ఇది నా అభిప్రాయం, సైంటిస్టులు తిట్టుకోవచ్చు.

అధికారం ఢిల్లీకి, ఢిల్లీ నుంచి ఇంకెక్కడికో

పత్తి విత్తనం అప్పట్లో నిత్యావసర వస్తువుల పరిధిలోంచి పోయింది, 750 నిలబడాలంటే రాష్ట్రానికి సొంత చట్టం కావాల్సి వచ్చింది. 2007లో ఆంధ్రప్రదేశ్ పత్తి విత్తనాల సరఫరా, పంపిణీ, అమ్మకం, ధర నిర్ణయం మీద చట్టం తెచ్చింది. అసెంబ్లీ చేసిన చట్టం. గుజరాత్ 2008లో, మహారాష్ట్ర 2009లో అలాంటివే చేశాయి. ప్యాకెట్ రేటు 2008లో మొదటి తరం బోల్‌గార్డ్‌కి 650, ఇంకో జీన్ కూడా కలిపిన రెండో తరానికి 750, 2011కి అవే 830, 930.

చట్టం ఉన్నా షాపు దగ్గర సీన్ వేరే, అది కూడా రాయాలి. పేరున్న రకం కావాలంటే ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఒకటి, చేతికి తీసుకునేది ఒకటి. బిల్లులో 930 రాసి, పక్కన జింకు పొట్లమో మందు డబ్బానో అంటగట్టేవాళ్లు. ఒక రైతు నాకు చూపించిన బిల్లు మీద పత్తి రేటు కరెక్టే, కింద కొనని మందు రెండు డబ్బాలు, దాన్నే తీసుకెళ్లి ఫోరంలో ఎగ్జిబిట్‌గా పెడదామంటే అతను వద్దన్నాడు, వచ్చే ఏడాది అప్పు మీద ఎరువులిచ్చేది ఆ డీలరే మరి. కంట్రోల్ ధర పెట్టడం ఒక ఎత్తు, ఊళ్లో అప్పిచ్చేవాడి మీద కేసు పెట్టించడం ఇంకో ఎత్తు.

2015 డిసెంబర్‌లో కేంద్రం దేశం మొత్తానికి పత్తి విత్తన ధరల నియంత్రణ ఆర్డర్ తెచ్చింది. 2016 మార్చిలో రెండో తరం ప్యాకెట్ 800, అందులో రాయల్టీ 163 నుంచి 49కి కోశారు. 2018లో 39, 2019లో 20, 2020లో సున్నా. రైతు సంఘాలు చప్పట్లు కొట్టాయి, నేనూ సంతోషించా, కానీ ఒకటి గమనించండి, ధర పెట్టే పని అసెంబ్లీల నుంచి ఢిల్లీలో ఒక కమిటీకి పోయింది. రైతు తన ఎమ్మెల్యేని నిలదీయడానికి ఇప్పుడు ఏం లేదు.

ఈ రౌండ్‌లో ముందు నిలబడింది రైతులు కాదు, ఇక్కడి విత్తన కంపెనీలే. హైదరాబాద్‌లోని నూజివీడు సీడ్స్ రాయల్టీ బకాయి వంద కోట్లకు పైగా ఉందని 2015 నవంబర్‌లో మోన్సాంటో వాళ్లు లైసెన్స్ రద్దు చేశారు. 2016 ఫిబ్రవరిలో కాంపిటీషన్ కమిషన్ మోన్సాంటో మీద విచారణకి ఆదేశించింది. రెండో తరానికి మాత్రం 2008లో పేటెంట్ వచ్చింది, అది చెల్లదని 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ అంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కనపెట్టి విచారణ సరిగ్గా జరపమని వెనక్కి పంపింది. 2021లో ఇద్దరూ రాజీ పడ్డారు. రాజీ షరతులేంటో చెప్పమని అడిగే స్థానంలో మనం లేం, అది రెండు కంపెనీల వ్యవహారం. దేశంలో పత్తి జీన్ మీద పేటెంట్ నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న అక్కడే ఆగింది. కాబట్టి దేశీ కంపెనీ అనగానే రైతు పక్షం అనుకోకండి, వాళ్ల అవసరం వాళ్లది, ఆ అవసరం కొంతకాలం రైతు అవసరంతో కలిసి నడిచింది అంతే.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది 2016 మే నెలలో ఒక వారం. మే 18న కేంద్ర వ్యవసాయ శాఖ లైసెన్సింగ్ గైడ్‌లైన్స్ నోటిఫై చేసింది: అర్హత ఉన్న విత్తన కంపెనీ అడిగితే టెక్నాలజీ ఇవ్వాల్సిందే, 30 రోజుల్లో ఇవ్వకపోతే ఇచ్చినట్టే లెక్క, రాయల్టీ మొదటి అయిదేళ్లు అమ్మకం ధరలో 10 శాతం దాటకూడదు, తర్వాత ఏటా తగ్గాలి. వారం తిరక్కుండానే వెనక్కి తీసుకుని ఇది ముసాయిదా మాత్రమే, 90 రోజుల్లో అభిప్రాయాలు చెప్పండి అన్నారు. రావడమూ నోటిఫికేషన్‌తోనే, పోవడమూ నోటిఫికేషన్‌తోనే, పార్లమెంట్‌లో ఒక్క గంట చర్చ లేదు. దానికి రెండు నెలల ముందే ఇలాగైతే ఇండియాలో ఉండాలో వద్దో ఆలోచిస్తామని కంపెనీ బాహాటంగా అంది, పోతే పొమ్మన్నట్టు మాట్లాడిన కేంద్ర మంత్రి కూడా ఉన్నాడు. ఆగస్టుకల్లా కలుపు మందు తట్టుకునే కొత్త తరం పత్తికి పెట్టిన దరఖాస్తు కంపెనీ వెనక్కి తీసేసుకుందని బయటికొచ్చింది. ఇంకోవైపు అమెరికా వాణిజ్య ప్రతినిధి ఆఫీసు ఏటా విడుదల చేసే స్పెషల్ 301 రిపోర్టులో మన దేశం ప్రయారిటీ వాచ్ లిస్ట్‌లో ఏళ్ల తరబడి ఉంటూనే ఉంది, మేధో సంపత్తి హక్కులు సరిగ్గా కాపాడట్లేదని. ఎవరి మాట ఎవరి మీద పనిచేసిందో తేల్చే కాగితం నా దగ్గర లేదు, కాబట్టి తేల్చను. రేటు తగ్గించే అధికారం ప్రభుత్వానిది, సరుకు ఇవ్వకుండా ఉండే అధికారం కంపెనీది, అంత మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇప్పుడు నా టేబుల్ మీద ఉన్నవి

120 గ్రాముల పొట్లం గుర్తుందా, బీటీని తట్టుకునే పురుగు పెరగకుండా ఇచ్చింది. గులాబీ రంగు పురుగు మొదటి తరానికి అలవాటు పడిందని 2010లో మోన్సాంటోయే ఒప్పుకుంది, గుజరాత్ జిల్లాల్లో. రెండో తరం కూడా 2015 నాటికి అదే దారి. ఆ గట్టు మీద మామూలు పత్తి వేయించే బాధ్యత ఎవరిది అని అడిగితే అందరూ చూపించేది రైతునే. ఇక కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకున్న కలుపు మందు తట్టుకునే పత్తి, అది అధికారికంగా రాలేదు కాబట్టి దొంగచాటుగా వచ్చింది. బీజీ-3 (బోల్‌గార్డ్-3) అని పేరు పెట్టి షాపుల్లో, ఊళ్లలో, రాత్రిపూట ఆటోల్లో. 2017 నుంచి కర్నూలు, ప్రకాశం, మా వైపు కూడా పట్టుబడుతూనే ఉంది. కూలీ దొరకని చోట కలుపు మందు కొట్టుకుంటే సరిపోయే పత్తి అంటే రైతు ఎందుకు వద్దంటాడు.

2012లో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, మన ఆంధ్రా రైతుల కేసే అది, విత్తనం కొన్న రైతు కన్స్యూమరే, ఫోరానికి రావచ్చు అని తేల్చింది. విత్తనం ల్యాబ్‌కి పంపలేదు కదా అనే కంపెనీల పాత వాదన కూడా అక్కడ చెల్లలేదు, కొన్నదంతా విత్తేసిన రైతు ల్యాబ్‌కి గింజ ఎక్కడి నుంచి తెస్తాడు. ఆ తీర్పు పట్టుకునే నా కేసులు నడుస్తున్నాయి. కానీ ఆ తీర్పు పనిచేయాలంటే ముందు బిల్లు, ఖాళీ ప్యాకెట్, లాట్ నంబర్ కావాలి. బీజీ-3 తెచ్చేవాళ్లు తెల్ల పాలిథిన్ సంచిలో లూజు గింజ తెస్తారు, పైన రబ్బర్ బ్యాండ్, కంపెనీ పేరు లేదు, అమ్మినవాడి ఫోన్ స్విచాఫ్. నా దగ్గరికి వచ్చే పత్తి ఫైళ్లలో ఇవి ఏటేటా పెరుగుతున్నాయి, వాళ్లకి నేను వేయగలిగిన కేసు లేదు, ఎందుకంటే పిటిషన్‌లో ప్రతివాది అని రాసే చోట రాయడానికి పేరే లేదు.